ఓనరమ్మ రాళ్ల మొక్కలు, మా ఆయన సాక

మా ఆయన బాలనర్సయ్య చీర మడత పెడ్తుంటె చూడాలె. ఒక్క చెయ్యితోనే పెడ్తడు, రెండో చెయ్యి గప్పటికే ఇంకో చీర ఇప్పుతుంటది. దిల్‌సుఖ్‌నగర్ల బట్టల దుకాణంల ఇరువై రెండేండ్లు గదే పని. వచ్చినామె యాభై చీరలు ఇప్పిచ్చి, అన్ని నలిపి, ఒక్కటి కొనకుంట లేసిపోయినా "పోయిరా తల్లీ, మల్ల వారం కొత్త సరుకు దిగుతది" అంటడు. ఇంట్ల నేను ఒక్క మాటంటె మాత్రం మూడొద్దులు మూతి ముడుచుకుంటడు. మంచితనమంత దుకాణంలనే అయిపోతది కావొచ్చు, ఇంటికొచ్చేసరికి ఖాళీ చెంబు.

అంతకుముందు మాది మగ్గం పని. పోచంపల్లి దిక్కు చిన్న ఊరు. ఆయన చిటికి కట్టుట్ల పేరున్నోడు. పోగుల మీద దారం బిగిచ్చి కట్టి రంగుల ముంచుతరు, కట్టిన కాడ రంగు అంటదు, ఇప్పితే పువ్వు పడ్తది. పోగు తెగొద్దు, ముడి జారొద్దు. గసొంటి ముళ్లేసే వేళ్లు ఆయనయి. మొఖం చూసి కాదు, గా వేళ్లు చూసి సరే అన్న నేను. మొఖం చూస్తె అననేమో.

ఆయనకు ఒక్కటే అలవాటు, కల్లు. తాగుబోతు కాదు. గా మాట ఇంకెవ్వలన్నా అంటె ఊకోను, నేను అనాలె. ఐతారం ఐతారం తుర్కయంజాల్ పోతడు. ఆడ గోపయ్య అని తాళ్లు గీసేటాయన ఉన్నడు, మా ఆయనకు దోస్తు. ఆయన చెట్టు కింద కూసోని తాగి, సోంపు నమిలి ఇంటికొస్తడు. గ్లాసు నోటికి పెట్టేముందు ఒక నియమం. మూడు వేళ్లు కల్లుల ముంచి నేల మీద చల్లుతడు. ముందు ఎల్లమ్మ తల్లికి, తర్వాత చచ్చిపోయిన పెద్దలకు, పేరు పేరున పిలిచి. దాన్ని సాక అంటం. సాక పొయ్యకుంట తాగితె పెద్దలది దొంగతనం చేసినట్టు అంటడు.

ఇగ ఇల్లు సంగతి. పట్నం వచ్చిన కాన్నుంచి ఏడిండ్లు మారినం. యాడ గూడ పిడికెడు మన్ను పెట్టుకునే జాగ లేదు. ఎనిమిదోది ఈ ఇల్లు. మూడో అంతస్తు, ముందట ఆరడుగుల బాల్కనీ, పొద్దుగాల ఎండ నిండ పడ్తది. నేను అర్రలు చూడలే, వంటిల్లు చూడలే. బాల్కనీల నిలబడి ఇదే కావాలె అన్న.

ఇంటి ఓనరమ్మ శేషారత్నం. తెనాలి దిక్కామె. టెలిఫోన్ల ఆఫీసుల చేసి రిటైరైంది, రెండో అంతస్తుల ఒక్కతే ఉంటది. మమ్మల్ని కూసోబెట్టి అడిగింది.

"ముందే చెబుతున్నానండీ. మందు తాగేవాళ్ళుంటే ఇల్లివ్వను. మీవారికి అలవాటుందా?"

"మా ఆయనకు మజ్జిగ తాగితెనే తల తిరుగుతదమ్మా" అన్న.

మా ఆయన పక్కన నిలబడి, చీర రంగు పోతదా అని ఎవలన్నా అడిగినప్పుడు పెట్టే మొఖం పెట్టిండు. ఇల్లు దొరికింది.

నాల్గు నెలలల్ల బాల్కనీని తోట చేసిన. కొత్తపేట పండ్ల మార్కెట్ల పారేసిన ద్రాక్షపండ్ల పెట్టెలు తెచ్చి, అడుగుల గోనెసంచి పరిచి కొత్తిమీర చల్లిన. పెయింటు డబ్బల మిరప, పలిగిన బకెట్ల పుదీన, నూనె డబ్బను అడ్డం కోసి గంగవాయిలి కూర. మొదటిసారి డబ్బలకు కింద బొక్కలు పొడవలే. నీళ్లు నిలిచి మిరప నారంత మురిగింది. మా కోడలు సుచిత్ర, నేను చెప్తుంటె ఇదంత రాస్తున్నది అదే, మేకు కాల్చి ఒక్కొక్క డబ్బకు ఐదైదు బొక్కలు పొడిచింది. "అత్తమ్మా, గిన్ని బొక్కలు పొడిచిన, నాకు నీ మీదున్న కోపమంత పోయింది" అన్నది. మంచి పిల్ల. మాట దాసిపెట్టదు.

శేషారత్నమ్మ పైకి వచ్చి నా డబ్బలన్ని చూసింది. "బానే పెంచుతున్నారే" అన్నది. ఆమె 'బానే' అంటె మనం 'మస్తు' అన్నట్టు.

ఆమెకు గూడ మొక్కల పిచ్చి. కానీ ఆమెయి మనసొంటి మొక్కలు కావు. బెంగుళూరుల పూల ఎగ్జిబిషన్ల కొని, రైలుల ఒళ్లె పెట్టుకోని తెచ్చుకున్నదట. సక్యులెంట్లు అంటది. ఒకటి రాతితోని చెక్కిన గులాబిపువ్వు లెక్క, ఒకటి బొద్దు వేళ్ల లెక్క, ఒకటి బఠాణీల దండ లెక్క. ఆకులల్ల నీళ్లు దాసుకుంటయట. చేతితోని ఒత్తి చూసిన. మన గంగవాయిలికి పెద్దింటి చుట్టాలు, గంతే. నేను రాళ్ల మొక్కలు అని పేరు పెట్టిన, ఆమె మూతి తిప్పింది.

అది రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె మొదలైన నెల. ఆఫీసులు బంద్, బళ్లు బంద్. మా కొడుకు క్రాంతికుమార్ సర్కారు ఆఫీసుల చేస్తడు, వాడు గూడ సమ్మెల కూసున్నడు, పొద్దంత ఎల్బీనగర్ చౌరస్త టెంటు కింద ఉండేటోడు. దుకాణం షట్టరు సగం తీసుడు, సగం దించుడు. మా ఆయనకు చీరలు లేక చేతులు దురద పెట్టి ఇంట్ల దుప్పట్లు ఇప్పి మడత పెట్టుడు మొదలుపెట్టిండు.

గప్పుడే శేషారత్నమ్మ అక్కకు కంటి ఆపరేషన్ అని గుంటూరు పోవాల్సి వచ్చింది. నాల్గు రోజులల్ల వస్త అన్నది. తొమ్మిది కుండీలు తనే ఒక్కొక్కటి మోసుకొచ్చి మా బాల్కనీల పెట్టింది. నన్ను ముట్టనియ్యలే.

"రాజమ్మా, నీళ్ళు పోయకండి. నేను రావటం లేటయితే ఒక్క చెంచాడు పోయండి. చెంచాడంటే చెంచాడే."

"చెంచతోని నీళ్లు తాగుడు దవాఖానల చూసిన గని, కుండీల చూడలేదమ్మా" అన్న.

"నవ్వులాట కాదు. వీటికేమైనా అయితే మనకి మనకి పడదు. మీరు ఇంకో ఇల్లు చూసుకోవాల్సిందే."

నవ్వుకుంటనే అన్నది. కానీ ఆమె నవ్వు సంగతి నాకెరుక. కింద ఉండే లలితకుమారి వాళ్లు అడగకుంట కరివేపాకు కొమ్మ ఇరిసిండ్రని, ఇట్లనే నవ్వుకుంట నెల తిరగకుంట ఖాళీ చేపిచ్చింది.

మెట్లు దిగుకుంట మల్ల ఆగింది. "మీకు రాష్ట్రం వచ్చేస్తే మమ్మల్ని వెళ్ళగొడతారంటగా?"

"ఇల్లు నీది, కిరాయికున్నది నేను. ఎవలు ఎవల్ని ఎళ్లగొడ్తరు తల్లీ?" అన్న. ఆమె పకపక నవ్వింది. అది నిజం నవ్వు.

ఆమె పోయిన తెల్లారే బస్సులు బంద్ పడ్డయి. నాల్గు రోజులు పది రోజులైనయి. రైలెక్కుదామంటె రైల్ రోకో అని భయం. రోజు ఫోను చేసేది. నేను చెంచతోని గూడ నీళ్లు పొయ్యలే, ఒట్టు. పొద్దుగాల లేసి చూసి, ఎండ ఎక్కువ పడ్తె జరిపి, గంతే. కానీ వారం దాటినంక రాతిగులాబి ఆకులు పసుపుకు తిరిగినయి. ముట్టుకుంటె లోపలంత జిగురు, వేలు తాకితె రాలిపోతున్నయి. బొద్దువేళ్ల మొక్క మొదలు నల్లబడింది. కుండీల చుట్టు చీమలు బారు కట్టినయి, చిన్న చిన్న ఈగలు ముసురుతున్నయి. వాసన చూస్తె పులుపు.

"సుచిత్రా, నువ్వేమన్నా పోస్తున్నవా?"

"నాకేం పని అత్తమ్మా, నీ కొత్తిమీరకే నన్ను దగ్గర్కి రానియ్యవు."

నాకు అన్నం పోలే. తొమ్మిదిట్ల ఏడు ఆకులు రాలుస్తున్నయి. మొక్కలు పోతె పోనీ, ఇల్లు పోతది. ఇల్లు పోతె నా బాల్కనీ పోతది. ఈ డబ్బలు, పెట్టెలు నెత్తిన పెట్టుకోని తొమ్మిదో ఇల్లు యాడ ఎతకాలె? తులం మన్ను గూడ తేవొద్దనే ఓనర్లే ఉన్నరు ఈ గల్లీలన్నిట్ల.

దొంగ ఒక పొద్దుమీకి దొరికిండు. చౌరస్తల వంటావార్పు అని ఆడోళ్లందరం రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండినం. చినుకులు పడ్తె నేను ముందే ఇంటికొచ్చిన. బాల్కనీల మా ఆయన పీట ఏసుకోని కూసున్నడు. పక్కన నీళ్ల బాటిలు, లోపల తెల్లగ. చేతిల స్టీలు గ్లాసు. మూడు వేళ్లు ముంచి మొదటి కుండీల చల్లిండు.

"ఎల్లమ్మ తల్లీ, తీసుకో." రెండో కుండీ. "నాయినా, తీసుకో." మూడోది. "అమ్మా, నీకు జర ఎక్కువనే పోస్తున్న తియ్యి." వేళ్లు కాదు, గ్లాసే వంచిండు. నాల్గు, ఐదు ఇద్దరన్నలు. ఆరు మేనమామ. ఏడోది, "మామా, నీ బిడ్డ ఇంట్ల లేదు, నిమ్మలంగ తాగు."

మామ అంటె మా నాయిన. మా నాయినకు పోస్తున్నడు. నాకు వచ్చిన కోపం జర ఆగింది. ఎనిమిది మా అమ్మకు. తొమ్మిదోది మగ్గం నేర్పిన జానయ్యకు. జానయ్యకు సగం గ్లాసు. గురువు గదా.

"ఏందయ్యా ఇది?" అన్న ఎనకకెల్లి.

ఉలిక్కిపడలే మా ఆయన. దొరికినప్పుడు ఉలికిపడుడు ఆయనకు అలవాటు లేదు. "సాక" అన్నడు.

సంగతేందంటె, బస్సులు లేక తుర్కయంజాల్ పోవుడు బంద్ అయింది. గోపయ్యనే టీవీఎస్ మీద టెంటు కాడికి వచ్చుకుంట ఈయనకొక బాటిలు తెస్తున్నడు. పైగ పెత్తరమాస నెల. ఊరికి పోయి పెద్దలకు పెట్టుకునే రోజులు. పోదామంటె బస్సు లేదు. అందుకని పెద్దల్నే మూడో అంతస్తుకు పిలిపిచ్చిండు.

"సిమెంటు మీద పొయ్యరాదు?"

"సిమెంటు నేలనానె? మీదికెల్లె ఆరిపోతది. పెద్దలకెట్ల అందుతది?"

"నా డబ్బలల్ల పొయ్యరాదు?"

"నీ కొత్తిమీరనా? నువ్వు ఆకాకు లెక్కవెడ్తవు. ఇయ్యి రాళ్లు గదా, రాళ్లకేమైతది అనుకున్న." తొమ్మిది కుండీలు, తొమ్మిది పేర్లు, సరిగ్గ సరిపోయినయని ఆయనకు సంబురం గూడ.

చూపించిన. ఒక్కొక్క కుండీ ఎత్తి ముక్కు కాడ పెట్టిన. జానయ్య కుండీల మొక్క చేతికొచ్చింది, కింద వేరు లేదు, అంబలి లెక్క అయింది. మా ఆయన మొఖం గప్పుడు పడ్డది. "ఇల్లు ఖాళీ చెయ్యాలెనా?" అన్నడు. "నువ్వు ఖాళీ చెయ్యాలె, నేను ఈడనే ఉంట" అన్న. అన్న గని, నిద్ర రాలే ఇద్దరికి.

పొద్దుగాల తలుపు తీసి బయట నిలబడ్డ. తల ఎత్తితె పైన కలబంద. ఇల్లు చేరిననాడు దిష్టికని తలకిందులుగ ఏలాడగట్టిన. ఆరు నెలలైంది, మన్ను లేదు, నీళ్లు లేవు, వేరు ఆకాశం దిక్కున్నది. గయినా కొసకు కొత్త ఆకు పెడ్తనే ఉన్నది. అది గూడ గీ రాళ్ల మొక్కల జాతే గదా, ఆకుల నీళ్లు దాసుకునేది. నీళ్లతోని చావబోయేదాన్ని నీళ్లు లేని కాడ పెట్టాలె. గంతే.

మొక్కలన్ని పీకిన. తడి మన్నంత దులిపి, మురిగిన కాడికి చాకుతోని కోసిన. లోపల తెల్లగ, శుభ్రంగ కనపడేదాంక కోసిన. కోసిన కాడ పసుపు అద్దిన. మా ఆయనను పిలిచి దారం చేతికిచ్చిన.

"కట్టు. పోగు తెగొద్దు, ముడి జారొద్దు. మెత్తటి కాడ, ఒరుసుకపోయిందో చూడు మరి."

ఇరువై ఏండ్ల నుంచి కట్టని ముడి. వేళ్లు మరువలే. కాడకు దారం తాకినట్టే లేదు, ఊపితె ఊడుత లేదు. ఏడు మొక్కలు కలబంద పక్కపొంటి తలకిందులుగ ఏలాడగట్టినం. మా అత్త కుండీది, జానయ్య కుండీది దక్కలే. ఆయన గట్టిగ పోసిన రెండే పోయినయి.

రాలిన ఆకులు పారెయ్యబుద్ధి కాలే. రణపాల ఆకు మన్ను మీద పడేస్తె అంచులకు పిల్లలు పుడ్తయి, చిన్నప్పటి సంది చూసిందే. ఇవెందుకు పుట్టయని, జిగురు పట్టని మంచి ఆకులు ఏరి, ఇసుక పోసిన తాంబాళంల పరిచిన. నీళ్లు పొయ్యలే. పొద్దుగాల తడిచెయ్యి ఇదిలిస్తె పడే తుంపర, గంతే. ఇసుక పక్క గల్లీల కడుతున్న ఇంటి ముందట ఉండె. అడిగే తెచ్చిన అని రాయి సుచిత్రా.

బతుకమ్మకు పిలువ వచ్చిన పక్కింటి అండాలమ్మ తలుపు కాడ ఆగింది. "ఇదేం తోరణమే రాజవ్వా?"

"కొత్త దిష్టి. సమ్మెకు కండ్లు పడకుంట" అన్న.

తెల్లారి అండాలమ్మ తలుపు మీద ఒక మొక్క తలకిందులుగ ఏలాడుతున్నది. బంతిమొక్క. మధ్యాహ్నానికి వాడింది. నన్నే అడిగింది ఎందుకు వాడిందని. నీ ఇంటికి దిష్టి ఎక్కువున్నది అన్న.

ఫోను మాత్రం రోజూ వస్తనే ఉన్నది.

"మొక్కలెలా ఉన్నాయి రాజమ్మా?"

"గాలికి ఊగుతున్నయమ్మా."

"సక్యులెంట్లు ఊగటమేంటి? అవి ఊగవే."

"మూడో అంతస్తు గదా, గాలెక్కువ."

"బస్సులెప్పుడు తిరుగుతాయంటున్నారు?"

"తొందర పడకు తల్లీ, మీ అక్క కండ్లు మంచిగ కానీ."

నిజం చెప్త. పట్నంల అందరు తెలంగాణ జల్ది ఇయ్యాలె, సమ్మె జల్ది గెలవాలె అని మొక్కుతున్నరు. నేను గూడ గదే మొక్కిన, కాకపోతె ఒక పదిహేను రోజులు ఆగి గెలువనీ అని మొక్కిన. రోజు టెంటు కాడికి పోయి అందరికంటె గట్టిగ ఒర్లిన. "బస్సులు తిప్పేది లేదు" అంటె "లేదు, లేదు" అని నా గొంతే చౌరస్త దాటేది. ఒక లీడరు మైకుల అన్నడు, గీ అవ్వను చూసి నేర్చుకోవాలె, గింత వయసుల గింత పట్టుదల అని. మా క్రాంతికుమార్ కండ్లల్ల నీళ్లు. "అమ్మా, నువ్వు ఇంత చేస్తవనుకోలే" అన్నడు. సుచిత్ర పక్కకు తిరిగి కొంగు నోట్లె కుక్కుకున్నది. దానికొక్కదానికే తెలుసు నేను ఏ రాష్ట్రం కోసం ఒర్లుతున్ననో. ఆరడుగుల రాష్ట్రం.

పది పన్నెండు రోజులకు కోసిన కాడ పక్కు కట్టినట్టు ఎండింది. తాంబాళంల ఆకులకు చివరలల్ల గులాబి రంగు వేర్లు, వెంట్రుకంత. ఒక్కో దాని పక్కన ఆవగింజంత పువ్వు లెక్క పిల్ల. మా ఆయన పొద్దుగాల, మాపు, భూతద్దం పెట్టి లెక్కపెట్టేటోడు. కల్లు ముట్టలే గన్ని రోజులు. గోపయ్య బాటిలు తెస్తె తిప్పి పంపిచ్చిండు.

సమ్మెల కెల్లి బస్సులోళ్లు బయటికొచ్చిన రోజు నేను మల్లమల్ల గేటు దిక్కు చూసిన. తెల్లారి పొద్దుగాల పది గంటలకు గేటు కాడ ఆటో ఆగింది. శేషారత్నమ్మ తన ఇంటి తాళం గూడ తియ్యలే. సంచి మెట్ల మీద పెట్టి సీద పైకి వచ్చింది. బాల్కనీల చూసింది. తొమ్మిది కుండీలు, తొమ్మిదిట్ల ఉత్త మన్ను.

"నా మొక్కలేవి?"

నా దగ్గర కథ తయారుగ ఉండె. చీమలు పట్టినయి, ఎండ తగిలింది, కోతి వచ్చింది. మూడు కథలు. ఏది చెప్పుదునా అని నోరు తెరిచేలోపల మా ఆయన ఆమెను పిలిచిండు.

"కూసో తల్లీ. తొందరేం లేదు. చూపెడ్త."

చాప మీద తెల్లటి పంచె పరిచి, దుకాణంల కూసున్నట్టే బాసింపట్లు ఏసుకోని కూసున్నడు. తాంబాళం తెచ్చి మీద పెట్టిండు. "ఇది చూడుండ్రి, ఇప్పుడే దిగింది. అంచు చూడుండ్రి, గులాబి రంగు. ఇది బూడిద రంగు, దీనికి కవల పిల్లలు." ఒక్కొక్క ఆకు అరచేతి మీద పెట్టి ఎలుగుకు తిప్పుతున్నడు. "పిల్లలు మొత్తం ముప్పై నాల్గు. తల్లులు ఏడు, తలుపు మీదున్నయి." గప్పుడు చూసింది ఆమె తల ఎత్తి. తన మొక్కలు కాళ్లు పైకి పెట్టి ఏలాడుతున్నయి.

"అవి నావా?" అన్నది మెల్లగ.

"మీవే. ఇచ్చింది తొమ్మిది, రెండు పోయినయి. దాసిపెట్టను."

"రెండెలా పోయాయండీ?"

"కల్లు పోసిన తల్లీ."

నేను ఎనకకెల్లి తొడ మీద గిచ్చిన. ఆయనకు నొప్పి తెలుస్తె గదా.

"మొక్కలకి కల్లెందుకు పోశారు?"

"మొక్కలకు పొయ్యలే. మా పెద్దలకు పోసిన. గీ ఇంట్ల మన్ను మీ కుండీలల్లనే మంచిగ కనపడ్డది."

శేషారత్నమ్మ నా దిక్కు తిరిగింది. "మజ్జిగ తాగితేనే తల తిరుగుతుందన్నారు."

"మజ్జిగకు తిరుగుతదమ్మా. కల్లుకు తిరగదు" అన్న.

నవ్వుతదనుకున్న. నవ్వలే. "ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నది. నవ్వకుంట అన్నది కాబట్టి నాకు ఎటు అర్థం చేసుకోవాలెనో తెల్వలే. వంగి తాంబాళం ఎత్తబోయింది. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"జర ఆగు తల్లీ. వెంట్రుకంత వేర్లు, కదిలిస్తె పోతయి."

"మరి ఎన్నాళ్ళిలా ఉంచాలి?"

"జర పెద్దగయ్యేదాంక."

"ఎంత పెద్ద?"

ఇద్దరు నా దిక్కు చూసిండ్రు. నేనేం చెప్పను, నాకు మాత్రం తెలుసా. ఆమెనే చెయ్యి ముందట పెట్టి పిడికిలి బిగిచ్చింది. "ఇదిగో, ఇంత. వీటిలో ఒక్కటి నా పిడికిలంత అవ్వనివ్వండి. ఆ రోజు నా మొక్కలు నాకిచ్చేసి ఖాళీ చెయ్యండి. అప్పటిదాకా ఉండండి. ఇంట్లో మాత్రం ఒక్క చుక్క తాగటానికి వీల్లేదు."

సరే అన్నడు మా ఆయన. బస్సులు తిరుగుతున్నయి గదా, ఐతారం తుర్కయంజాల్ ఉండనే ఉన్నది.

గా రాళ్ల మొక్క నెలకు గోరంత పెరుగుతది. శేషారత్నమ్మకు గా సంగతి తెల్వదా, పెంచినామెకు? నేను అడగలే, ఆమె చెప్పలే.

ఇగ గప్పటి సంది నెలకోపారి పైకి వస్తది. నేను ముందు రోజే చూసుకుంట. ఏదన్నా బలిసి పిడికిలి దిక్కు పోతున్నదంటె, కింది ఆకులు నాల్గు తెంపుత. మొక్క చిక్కుతది. తెంపిన ఆకులకు మల్ల పిల్లలు. అండాలమ్మకు రెండు ఇచ్చిన, కరివేపాకు లలితకుమారి కొత్తింటికి నాల్గు పంపిన, మా ఆయన దుకాణంల చీరలు కొన్నోళ్లకు ఒకటొకటి ఇస్తున్నడు. ఈ దిక్కు గల్లీలల్ల రాళ్ల మొక్క లేని బాల్కనీ తక్కువ. శేషారత్నమ్మ వస్తది, మొక్క పక్కన పిడికిలి పెడ్తది, "ఇంకా అవ్వలేదు" అంటది, పోతది. రెండున్నర ఏండ్లైంది గిట్ల. తెలంగాణ గూడ ఒస్తున్నదని టీవీల చెప్తున్నరు, మా ఇల్లే తేలుత లేదు.

పోయిన నెల నాకు జ్వరమొచ్చి పన్నెండు రోజులు మంచంల ఉన్న. ఆకులు తెంపుడు మరిచిన. లేసి చూస్తె రాతిగులాబి ఇంతైంది, నిండుగ, గుండ్రంగ. కత్తెర కోసం లోపలికి పోతున్న, గంతల్నే తలుపు కొట్టిండ్రు. శేషారత్నమ్మ.

"జ్వరమన్నారుగా, చూసి పోదామని" అన్నది. సీద బాల్కనీలకు పోయింది. మొక్క చూసింది. పక్కన పిడికిలి పెట్టింది. నేను తలుపు కాడనే నిలబడ్డ. ఎవలు చూసినా చెప్తరు, పిడికిలి కంటె మొక్కనే పెద్దగుంది.

ఆమె పిడికిలి దిక్కు చూసింది, మొక్క దిక్కు చూసింది. మెల్లగ వేళ్లు వదులు చేసింది. ఇంకా జర వదులు చేసింది. లోపల నిమ్మకాయ పట్టేటంత.

"ఇంకా అవ్వలేదు రాజమ్మా" అన్నది. పీట మీద కూసోని, చాయల చక్కెర తక్కువెయ్యమన్నది.